కుంటిచింత కింద కోసిన గొడుగులు

ఏం చూశారు? ముందు అది చెప్పండి. ఆ గంప అరుగు మీద దించి, కాళ్ళు కడుక్కుని కూర్చుని, కుంటిచింత కింద ఏం చూశారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఏమీ చూడలేదా? ఒరేయ్ చిన్నంనాయుడూ, ఆ మాట ఇంకోసారి నీ నోట రానీకు. ఇక్కడ నా ముందు అన్నావు కాబట్టి సరిపోయింది, ఆ చెట్టు కింద అని ఉంటే ఈపాటికి నీ ముందుపన్ను నీ అరచేతిలో ఉండేది. నవ్వుతారేమర్రా? నవ్వండి. పళ్ళున్నంతవరకూ నవ్వచ్చు.

కుంటిచింత సంగతి ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు? కొండ దిగువన, పశువులు మేసే బీడు మొదలయ్యే చోట, ఎప్పుడో పిడుగు పడి ఒకవైపు కొమ్మలన్నీ పోయి, రెండోవైపుకు వాలిపోయి, చంకలో కర్ర పెట్టుకున్న కుంటిదానిలా నిలబడి ఉంటుంది. దాని మొదట్లో మనిషెత్తు చెదపుట్ట. మనం చింతపండు సంతలో కొనుక్కుంటాం గానీ ఆ చెట్టు కింద రాలిన కాయ ఏరుకోం. మేకలు కూడా దాని నీడలో నెమరు వెయ్యవు. కట్టెలకు పోయే ఆడవాళ్ళు తుమ్మముళ్ళు గుచ్చుకున్నా సరే, గట్ల మీంచి చుట్టూ తిరిగి పోతారు గానీ ఆ దారి తొక్కరు. అలాంటి చోటికి మీరు పోయి, గంపెడు పుట్టగొడుగులు తెచ్చి, ఫోనుకు చూపిస్తే తినొచ్చని చెప్పిందంటారా? పైనుంచి ఫొటో తీశారు, బాగుంది. మట్టి కింద ఏముందో మీ ఫోను చూసిందా? ఈశ్వరీ, ఆ తువ్వాలు అప్పుడే తియ్యకు. కప్పే ఉంచు. కథ అయ్యాక తీద్దాం.

ఇది మునసబుల కాలం నాటి మాట. అప్పుడీ ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, కొండవార ఒక గుడిసె, అంతే. మిగతా రోజుల్లో అందరిలాగే కూలికి పోయేది, ఊడ్పులకూ కోతలకూ వంగేది, తిట్లు పడేది. కానీ ఆషాఢం వచ్చి ఆకాశం గట్టిగా ఉరిమి, మర్నాడు బాగా ఉక్కపోసిందంటే ఇంక ఆమె ఎవరు పిలిచినా పలకదు. తెల్లవారుతూనే గంప నెత్తిన పెట్టుకుని బీడుకూ, జీడితోటల్లోకీ, వెదురుపొదల కిందకీ పోయేది, పోయి పొద్దెక్కేసరికి గంప నిండా పుట్టగొడుగులతో దిగేది, దిగి వీధి వెంట నడుస్తుంటే ఇంటింటికీ ఆ వాసన ముందే పోయేది. ఎక్కడ దొరికాయి అని ఎవరూ అడక్కూడదు. అడిగితే, నా చావప్పుడు చెప్తాలే, నా పక్కన కూర్చోడానికి నువ్వుంటావా అనేది. అంత పెడసరపు మనిషి. అయినా ఊరంతా ఆమె చేతి గొడుగే తినేది. ఆమె తెచ్చింది తిని ఒక్కరికి కడుపునొప్పి వచ్చిందంటే అడగండి.

ఆమెకొక పట్టుదల ఉండేది. పుట్టగొడుగు మీద ఇనుము ఆడనిచ్చేది కాదు. ఎవరైనా కొడవలి పెట్టి కోస్తే చుట్టూ ఉన్న గొడుగులన్నీ పారబోసేది. వేళ్ళతో మట్టి తవ్వి, వెదురుపుల్లతో కుళ్ళగించి, అడుగుదాకా పోయి వేరుతో సహా పైకి తీసేది. పుట్ట తల్లి, గొడుగు బిడ్డ, బొడ్డు కొయ్యకుండా పైకి తియ్యాలర్రా అనేది. వినేవాళ్ళు, ముండమోపికి బిడ్డల సంగతులెందుకూ అని వెనక నవ్వుకునేవారు. మొగుడు పోయినదాన్ని అలా అనేవారప్పుడు. ఇప్పుడు అనరా? సరే, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

నవ్వనిది పోలమ్మ ఒక్కతే. పోలమ్మ మునసబు గారి పాలేరు గురువులనేవాడి పెళ్ళాం. పెద్దింటి పెరట్లో గిన్నెలు తోమడం, దంపుళ్ళు, పేడ ఎత్తడం ఆమె పని. దాలమ్మను అక్క వరసన అప్పా అని పిలిచేది. ఒకనాడు ఆమెతో బీడుకు పోయింది, పోయి, నిజం చెప్పప్పా, కోస్తే ఏటవుతాది అని అడిగింది. దాలమ్మ పుట్ట మీదొకటి, ఆ పక్క గడ్డిలోదొకటి రెండు తెల్లగొడుగులు చూపించి, ఈ రెండింటిలో ఏది తింటావే అంది. పోలమ్మ కిందికీ మీదికీ చూసింది. రెండూ పాలలా తెల్లగా ఉన్నాయి, రెండూ విచ్చుకుని ఉన్నాయి, ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. తెలీదప్పా అంది. అప్పుడు దాలమ్మ రెండూ అడుగుదాకా తవ్వి తీసింది. పుట్ట మీదిదానికి ఎలకతోకలా సన్నటి వేరు, జానెడు పొడుగు, పుట్ట కడుపులోకి పోయి ఉంది. గడ్డిలోదానికి వేరు లేదు. దాని పాదం గుడ్డుపెంకు లాంటి ఒక తెల్ల సంచిలో కూర్చుని ఉంది. ఇది కుక్కగొడుగు, దీని గుట్టంతా కాళ్ళ దగ్గరే ఉంటాదే పోలీ, మొహం చూసి దీన్ని పట్టుకోలేం, కాళ్ళు కోసేసి తెస్తే నేనైనా చెప్పలేను అంది. అని ఆ సంచిదాన్ని అవతలికి విసిరి, చేతులు మట్టితో రుద్దుకుంది.

చూశారా? అందుకు ఇనుము వద్దనేది. బొడ్డూ తల్లీ అని చెప్తే కొందరైనా భయపడి వింటారని అలా చెప్పేది. వేరు, సంచి అంటే ఎవడు వింటాడు?

ఆ ఏడాది ఆషాఢంలో మునసబు గారింటికి వియ్యంకుడు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకు పుట్టగొడుగు కూరంటే ప్రాణమట. మునసబు దాలమ్మను పిలిపించాడు, పిలిపించి రేపటికి గంపెడు కావాలన్నాడు. దాలమ్మ వాకిట్లో నిలబడి, బాబూ, ఇంకా పుట్టలు పగల్లేదు, ఇప్పుడు బీట్లో తెల్లగా కనిపించేవన్నీ మంచివి కావు, ఇంకొక ఉరుము ఉరమనీండి, నేనే తెస్తాను అంది. తప్పేముంది ఆ మాటలో? కానీ ఆ కాలంలో పెద్దింటి వాకిట్లో నిలబడి వద్దు అనడమే తప్పు. నా ఇంట్లో కూర వండుకోడానికి ఈ ముండ సెలవివ్వాలా అన్నాడు మునసబు. దాలమ్మ వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయన గురువుల్ని పిలిచాడు. పొయ్యేటప్పుడు గడ్డికోత కొడవలి పట్టుకుపో, గంటలో రావాలి అన్నాడు.

గురువులు పోయాడు. బీట్లో తెల్లగా కనిపించినవన్నీ గడ్డి కోసినట్టు పిడికిలితో పట్టుకుని కోసుకుంటూ పోయాడు, కోసి గోనెసంచి నిండా తెచ్చాడు. కొడవలి భుజాన వేసుకుని, సంచి వీపున వేసుకుని, వీధి మధ్యనుంచి నడిచి వచ్చాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా చూశారు. దాలమ్మ తేవాల్సినవి నువ్వు తెస్తున్నావేట్రా అని ఒకడు అడిగాడు కూడాను.

పోలమ్మ పెరటి నూతి దగ్గర వాటిని కడగడానికి కూర్చుంది. చేతిలోకి తీసుకున్న మొదటిదాన్నే తిరగేసి చూసింది. కాడ చదునుగా, కత్తితో చెక్కిన చెరుకుముక్కలా ఉంది. రెండోదీ అంతే. సంచి బోర్లించి వెతికితే ఒక్క వేరు లేదు. ఏటిది మావా, కాళ్ళేవీ వీటికి అంది. నోరు మూసుకుని కడుగు, బాబు కోసుకురమ్మన్నారు, కోసుకొచ్చాను అన్నాడు గురువులు. మునసబు గారి ఇల్లాలికి కూడా కాస్త అనుమానమొచ్చింది, వచ్చి, మనవడి వెండి ఉగ్గుగిన్నె కూరలో వేసి చూసింది. గిన్నె నల్లబడలేదు. నల్లబడలేదంటే విషం లేదని ఆవిడ లెక్క. వెండికేం తెలుసర్రా? వెండి ఎప్పుడైనా ఆకలితో తిందా?

కూర ఉడికింది. వాసన వీధిదాకా పోయింది. వియ్యంకుడు బండి దిగాడు, దిగి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని, వాసన చూసి, నాలిక కరుచుకుని, అయ్యో బావగారూ, ఇవాళ శనివారం, మా ఇంట్లో శనివారం పుట్టగొడుగు కూడా నీచు కిందే లెక్క, చేపా మాంసం లాగే ముట్టం అన్నాడు. గెడ్డలో, అదే వాగులో, నీళ్ళొచ్చి ప్రయాణం ముందే ఒకరోజు వెనక్కి జరిగింది మరి, శుక్రవారం రావలసినవాడు శనివారం వచ్చాడు. అతిథి ముట్టనిది ఇంటివాడు ఎలా ముడతాడు? ఆ కూర కుండ కుండగా పెరట్లోకి వచ్చింది. ఇల్లాలు పాలేర్ల పెళ్ళాలను పిలిచి తలా కాస్తా పెట్టి పంపింది. పోలమ్మ వాటా పోలమ్మకు వచ్చింది.

మీరడుగుతారు, కాడలు చూసింది కదా, ఎలా పట్టుకెళ్ళిందీ అని. నేనూ అడిగాను. పోలమ్మ ముసలిదయ్యాక నా పక్కనే నాట్లు వేసేది, అప్పుడు అడిగాను. పెద్దింటి కూర కదే అంది. అంతే. దొరలు తినడానికి వండుకున్నదాంట్లో చెడు ఉంటుందని పాలేరు పెళ్ళాం ఎలా అనుకుంటుంది? వాళ్ళ గిన్నె చెప్పింది కదా మంచిదని? ఇంట్లో ఉన్నది ఒక్కగానొక్క గుంట, కూతురు అసిరి. వాసనకే చప్పట్లు కొట్టింది. పోలమ్మ కూరంతా దాని కంచంలో వేసి, తను గంజిలో ఉప్పు కలుపుకు తాగింది. గురువులు ఆ వేళ చుట్టాల ఎడ్ల దగ్గర కాపలా ఉన్నాడు.

రాత్రి బాగానే పడుకుంది పిల్ల. తెల్లవారేసరికి వాంతులు. కూర తిన్న ఇళ్ళన్నిటా అంతే. తర్వాత తగ్గింది, తగ్గి అసిరి లేచి కూర్చుని అమ్మా గంజి అంది. పోలమ్మ గండం గడిచిందనుకుని ఊరి దేవత అసిరితల్లికి దీపం పెట్టింది. ఆ పాడుగొడుగు గుణం అదే, వదిలినట్టు వదిలి పట్టుకుంటుంది. పిల్ల కళ్ళు పసుపు పులిమినట్టయ్యాయి, ఒళ్ళు చల్లబడింది, తల్లి ఒళ్ళో ఉండగానే పోయింది. పెద్దవాళ్ళు కొందరు మంచాన పడి లేచారు. అసిరి లేవలేదు.

ఇప్పుడు ఊరు అడుగుతుంది కదా, ఎలా జరిగిందీ అని? మునసబుకు ఆ సంగతి తెలుసు. అందుకే ఎవరూ అడక్కముందే ఆయనే అన్నాడు. ఆ దాలమ్మ నా వాకిట్లో నిలబడి వద్దంది, చూశారు కదా, వద్దని కన్ను వేసి పోయింది, ఇది చిల్లంగి అన్నాడు. చేతబడినే ఇక్కడ చిల్లంగి అనేవారు. ఆ ఒక్క మాట చాలు. సాయంత్రానికి ఊరంతా కుంటిచింత కింద చేరింది. దాలమ్మను జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఎవరో కాదర్రా, ఆవిడ చేతి కూర తిన్నవాళ్ళే.

దాలమ్మ ఏడవలేదు. పుట్టకు ఆనుకుని నిలబడి, ఒక్కొక్కరి మొహం చూస్తూ, కొడవలి పట్టుకుని వీధిలో ఎవరు నడిచారో మీరంతా చూశారు, చెప్పండి అంది. అందరూ నేలచూపులు. గురువుల వైపు చూసింది. వాడు మునసబు వెనక్కి తప్పుకున్నాడు. అప్పుడు పోలమ్మను చూసింది.

"పోలీ, నువ్వు కడిగావు కదే. వేళ్ళున్నాయా వాటికి? ఏం చూశావో చెప్పవే."

పోలమ్మ ఒళ్ళో ఇంకా పిల్ల గౌను ఉంది. నిజం చెప్తే ఏమవుతుంది? బిడ్డను చంపింది తన మొగుడి కొడవలి అవుతుంది, తన చేత్తో వడ్డించిన కూర అవుతుంది. తల్లి ఆ మాట నోటితో అనగలదా? మునసబు పక్కనే నిలబడి, చెప్పవే, భయమెందుకు అన్నాడు. ఆ గొంతులో ఏముందో ఆమెకు తెలుసు.

"నేనేం సూడలేదు" అంది పోలమ్మ.

చిల్లంగి పెట్టేవాళ్ళ పళ్ళు ఊడగొడితే మంత్రం పలకదని ఒక పాడునమ్మకం ఉండేది. బోడయ్య అనేవాడు దవడ పట్టుకున్నాడు. రాయి ఎవరిదో చెప్పను, వాళ్ళ మనవలు ఇక్కడే కూర్చున్నారు. పొద్దు గుంకేసరికి పళ్ళన్నీ ఆ పుట్ట మీద రాలాయి, దాలమ్మ ఆ పుట్ట మీదే ఒరిగిపోయింది. పైవాళ్ళు విచారణకు వస్తే ఊరంతా ఒకటే పాట. మేమేమీ చూడలేదు.

ఇంక మళ్ళీ ఆషాఢం వచ్చింది, ఆకాశం ఉరిమింది, తెల్లవారేసరికి ఆ పుట్ట అడుగునుంచి కొసదాకా తెల్లగా విరగబడి పూసింది. అన్ని గొడుగులు ఎవరూ ఎప్పుడూ చూడలేదట. బోడయ్య ఎడ్లు తోలుకుని అటు పోతున్నాడు, పోతూ ఆశపడి ఆగాడు. పుట్ట వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. పళ్ళు లేని నోట్లోంచి గాలి తప్ప మాట రాదు చూడండి, అలాంటి గొంతు.

"ఏం హూహావు?"

బోడయ్య ఏమీ చూడలేదు తల్లీ, ఏమీ చూడలేదు అని ఎడ్లను వదిలి పరిగెత్తాడు. సాయంత్రం ఇంట్లో మెత్తటి అన్నం తింటుంటే ముందుపన్ను ముద్దలోకి రాలింది. నెత్తురు లేదు, నొప్పి లేదు. చింతగింజ జారినట్టు జారింది. మర్నాడింకొకడు, ఆ తర్వాత ఇంకొకతె. ఎవరటు పోయినా అదే ప్రశ్న, ఎవరేమన్నా అదే జవాబు, ఇంటికొచ్చాక పన్ను. ఊళ్ళో పెళ్ళీడు పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే రోజులొచ్చాయి. పక్క ఊరివాళ్ళు మనకు బోసిపేట అని పేరు పెట్టారు. అయినా ఒక్కడు నిజం చెప్పాడా? అహఁ. పన్ను పోయినా ఫర్వాలేదు గానీ మునసబుకు ఎదురు చెప్పకూడదు. మన పెద్దల ధైర్యం అంత గొప్పది.

మునసబు అసలు ఆ చెట్టు కిందకే పోలేదు. కానీ ఆయన్ని ఆవిడ ఇంటికే వచ్చి పట్టుకుంది. దాలమ్మ సంగతేమిటండీ అని ఎవరైనా అడగడం, మాకేం తెలుసయ్యా అని ఈయన అనడం, ఆ పూట తాంబూలంలో ఒక పన్ను రాలడం. వియ్యంకుడు అడిగాడు, పన్ను పోయింది. తాసీల్దారు అడిగాడు, పన్ను పోయింది. ఊరి పెద్ద కాబట్టి అందరూ ఆయన్నే అడుగుతారు, అడిగినప్పుడల్లా అబద్ధం ఆడక తప్పదు. పాపం, ఉద్యోగమే అలాంటిది. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ నోరు పసిపిల్లాడి నోరైపోయింది.

పోలమ్మకు మాత్రం ఒక్క పన్నూ ఊడలేదు. ఎందుకంటే ఆమె ఎవరితోనూ మాట్లాడ్డం మానేసింది. పనికి పోయేది, వచ్చేది. గుడిసె కప్పులో దోపిన ఆ కొడవలి వైపు చూసేది కాదు. గురువులూ చూసేవాడు కాదు. ఇలా ఉండగా ఒక సాయంత్రం ఉరుము ఉరిమింది, గురువులు ఉన్నట్టుండి లేచి, కప్పులోంచి కొడవలి తీసి ఒళ్ళో పెట్టుకుని, కోసింది నేనే కదే అన్నాడు. అంతకాలానికి అదొక్కటే మాట. పొద్దున్న చూస్తే మనిషి లేడు. రంగూన్ పోయాడన్నారు, గెడ్డలో పడ్డాడన్నారు, ఏదీ తేలలేదు. కొడవలి మాత్రం గుమ్మంలో ఉంది.

పోలమ్మ దాన్ని దాటుకుని తిన్నగా కుంటిచింత కిందకి పోయింది. అప్పుడే తెలతెలవారుతోంది. పుట్ట తెల్లగా పూసి ఉంది. పుట్ట ముందు కూలబడింది.

"పోలీ, ఏం హూహావు?"

అప్పుడు పోలమ్మ నోరు తెరిచింది. చూశానప్పా అంది. అన్నీ చదునుగా కోసి ఉన్నాయి, ఒక్క వేరు లేదు, ఈ చేతులతోనే కడిగాను, ఈ చేతులతోనే నా గుంటకు పెట్టాను, నువ్వు అడిగితే నిన్నే చంపుకున్నాను అంది. అని తల పుట్టకేసి కొట్టుకుంది. అప్పుడు పుట్ట పగుళ్ళలోంచి ఉసిళ్ళు లేచాయట, పొగ లేచినట్టు లేచి, ఆమె చుట్టూ తిరిగి, ఆమె ఒడినిండా రెక్కలు రాల్చి పోయాయట.

ఎవరు కోయమన్నారు అంది గొంతు. మునసబు అంది పోలమ్మ. ఆ తర్వాత ఒకే ఒక్క మాట వచ్చింది.

"అయితే?"

ఇంకేం లేదు. నేను ఎన్నిసార్లు అడిగినా పోలమ్మ ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. అయితే అంది, అంతే అనేది.

ఇప్పుడు మునసబు సంగతి వినండి. పళ్ళు లేనివాడు ఏం తింటాడు? మాంసం నమలలేడు, జంతికలు కొరకలేడు. గంజీ జావా తాగి తాగి విసిగిపోయాడు. నోట్లో వేస్తే వెన్నలా జారిపోయే కూర ఏముంది? పుట్టగొడుగు. దాలమ్మ పోయాక ఊళ్ళోకి ఒక్క గొడుగు రాలేదు. బీట్లోవి మంచివో కావో తెలీదు, కానీ పుట్ట మీద మొలిచినవి మంచివేనని ఊరందరికీ తెలుసు, ఇంతా జరిగాక ఆయనకూ తెలుసు. అదే ఆయన ఆశ. పోలమ్మను పిలిచాడు. కుంటిచింత పుట్ట మీద బండెడు పూశాయటగా, పోయి తే అన్నాడు. ఎవర్నీ పంపలేడు, ఎవరూ పోరు. పోలమ్మ పోయి వచ్చిందని, ఆమె పళ్ళు ఆమెకే ఉన్నాయని ఊరంతా అప్పటికే చెప్పుకుంటున్నారు.

పోలమ్మ తెస్తాను బాబూ అంది. ఇంటికి పోయి గుమ్మంలో పడి ఉన్న ఆ కొడవలి తీసింది. పట్టపగలు, ఎండలో, వీధి నడిమధ్యనుంచి నడిచింది. ఒక్కో అరుగు ముందూ ఆగి, చూడండర్రా, కొడవలి పట్టుకు పోతున్నాను, బాగా చూడండి అంది. అందరూ చూశారు. కళ్ళప్పగించి చూశారు. బీట్లోకి పోయింది, పుట్ట దగ్గరా వంగింది, గడ్డిలోనూ వంగింది, అక్కడా ఇక్కడా అని లేదు, తెల్లగా కనిపించినదల్లా ఆమె మొగుడు కోసినట్టే కోసింది. గంపమీద గుడ్డ కప్పకుండా, కోసిన కాడలు పైకి కనిపించేట్టు బోర్లించి పేర్చి, అదే వీధిలో వెనక్కి నడిచింది. మళ్ళీ అరుగు అరుగుకీ ఆగింది. ఒదినా, చూశావా? బాబాయ్, చూశావా? ఒక్కరు నోరు మెదపలేదు. దాలమ్మ అంతమందిలో అరిచిన మాట, వేళ్ళున్నాయా అన్న మాట, ఎవరు మరిచిపోగలరు?

గంప తెచ్చి మునసబు ముందు దించింది.

"చూసుకోండి బాబూ, వీటికి వేళ్ళు లేవు."

ఆయన బోసినోటితో నవ్వాడు. "వేళ్ళెవడు తింటాడే? వండు."

ఇదీ మాట. ఒక ఆడదాన్ని చంపించి, ఆవిడ ఎందుకు అరిచిందో కూడా చెవిన వేసుకోలేదు ఆ మనిషి. పోలమ్మ పెరట్లోకి పోయి ఉల్లిపాయలు తరిగి, అల్లం నూరి, ఎంతో శ్రద్ధగా వండింది. ఇల్లాలు వచ్చి ఉగ్గుగిన్నె వేసి చూసింది, నల్లబడలేదు. ఆవిడ ఆ రోజు ఉపవాసం, మిగిలినవాళ్ళకు ఆ చెట్టంటే భయం, ఎవరూ ముట్టలేదు. ఆయనొక్కడే కంచం నాకేసినట్టు తిన్నాడు. తెల్లవారేసరికి వాంతులు. తర్వాత తగ్గింది. తగ్గి, లేచి కూర్చుని, చూశారా, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు అని మీసం దువ్వాడు. పోలమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ ఆ మాట వింది. ఆమెకు తెలుసు ఆ తగ్గడం ఎలాంటిదో. గిన్నె పక్కన పెట్టి, గంజి కాచి పంపనా బాబూ అని అడిగింది. ఆ తర్వాత ఆయన కళ్ళు పసుపయ్యాయి.

పైవాళ్ళు మళ్ళీ విచారణకు వచ్చారు. వీధిలో బల్ల వేసుకుని కూర్చుని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగారు. ఎవరు తెచ్చారు, ఎవరు వండారు, మీరేం చూశారు? బోడయ్య వచ్చాడు, ఏమీ చూడలేదు బాబూ అన్నాడు. అరుగుల మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ వచ్చారు, ఏమీ చూడలేదు అన్నారు. ఊరు మొత్తం ఒకటే పాట, ఆ పాత పాటే. అందరూ ఇళ్ళకు పోయి భయం భయంగా అన్నాలు తిన్నారు, నాలికతో పళ్ళు తడుముకున్నారు.

ఆ సాయంత్రం మాత్రం ఎవరి పన్నూ ఊడలేదు.

తర్వాత ఆడవాళ్ళు చాటుగా పోలమ్మను పట్టుకుని, నిజం చెప్పు, అవి మంచివా, కుక్కగొడుగులా అని అడిగారు. నాకేం తెలుసే, కోసేశాను కదా, కోశాక ఎవరు చెప్పగలరు అందట. నేను అడిగినా అదే చెప్పింది, బురదలో నడుము వంచి నారు గుచ్చుతూ, నవ్వకుండా, ఏడవకుండా. నేనూ నా వయసులో పెద్దిళ్ళ వాకిళ్ళ ముందు నిలబడి గొంతు చించుకున్నదాన్నే, దెబ్బలు తిన్నదాన్నే. పోలమ్మ చేసింది తప్పో ఒప్పో తేల్చడం నా వల్ల కాలేదు. చేతైతే మీరు తేల్చండి. కానీ ఆమె ముప్ఫైరెండు పళ్ళతోనే చచ్చింది.

అందుకని అటు పోకండి. పోవాల్సి వస్తే కొడవలి పట్టుకుపోకండి. పట్టుకుపోతే ఆ గొంతు అడిగినప్పుడు ఏమీ చూడలేదని అనకండి. మన ఊళ్ళో పళ్ళ డాక్టరు లేడు, బస్సు పొద్దున్న ఒకటే.

సరే, చీకటి పడుతోంది. ఈశ్వరీ, ఇప్పుడు ఆ తువ్వాలు తియ్యి. దీపం ఇటు పట్టుకో, ఒక్కోదాన్నీ తిరగేసి చూపించు. చిన్నంనాయుడూ, అటు మొహం తిప్పుకోకు, నీ నడుముకు దోపిన ఆ కొడవలి నాకు ఇందాకటినుంచీ కనిపిస్తూనే ఉంది. చెప్పు, మీరు తెచ్చినవి వేరుతో తవ్వి తీశారా, కోసుకొచ్చారా?